బెల్టు తెగేదాకా చీటీ కోసం ఆగాలా?

ప్రశ్న: మాది నరసన్నపేట, చిన్న బట్టల కొట్టు. పోయిన నెలలో 2013 మోడల్ ఫోర్డ్ ఫిగో డీజిల్ కారు సెకండ్ హ్యాండ్‌లో 2.10 లక్షలకు కొన్నాను. మీటరు 92 వేలు చూపిస్తోంది. టైమింగ్ బెల్టు మార్చినట్టు బిల్లేమీ లేదు. బెల్టు ఒక్కటే అయితే 7 వేలు, కిట్టూ వాటర్ పంపూ కలిపితే 16 వేలు అంటున్నాడు మెకానిక్. లక్ష రూపాయల చీటీ నాలుగు నెలల్లో చేతికొస్తుంది. బ్యాంకులో 80 వేల ఎఫ్‌డీ ఉంది. చీటీ వచ్చేదాకా ఆగొచ్చా? లేక ఇప్పుడే పాడేయమంటారా?

జవాబు: ఆగొద్దు, చీటీ పాడొద్దు, ఎఫ్‌డీ బ్రేక్ చేయొద్దు. ఆ ఎఫ్‌డీ మీదే ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా ఉంచుకుని బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకుని 16 వేల పనే చేయించండి.

టైమింగ్ బెల్టంటే ఇంజన్లో పిస్టన్లకూ, తెరుచుకుని మూసుకునే వాల్వులకూ తాళం కలిపే రబ్బరు పట్టీ. బిల్లు లేదంటే బెల్టు మార్చలేదనే లెక్క వేసుకోవాలి. సెకండ్ హ్యాండ్ కారులో మీటరును నమ్మలేం. పైగా మీటరు సరైనదే అయినా రబ్బరుకు కిలోమీటర్లతో పాటు వయసూ ఉంటుంది. మీ ఇంజన్లో బెల్టు తెగితే పిస్టన్లు పైకొచ్చి వాల్వులను కొడతాయి. వాల్వులు వంగుతాయి, వాటిని నొక్కే రాకర్లు విరుగుతాయి, ఇంజన్ పైభాగమైన హెడ్డు దించాల్సి వస్తుంది. ఆ పని 50 వేలు దాటడం మామూలే. అప్పుడు కూడా కొత్త బెల్టు కిట్టు కొనాల్సిందే. హైవే మీద ఆగిపోతే టోయింగ్ ఖర్చు వేరే. ఇన్సూరెన్స్ ఆదుకుంటుందనుకోకండి. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో కవర్ కావు. బ్రేకు ప్యాడ్లు అరిగితే కీచుమంటాయి గానీ, బెల్టు చాలాసార్లు చెప్పాపెట్టకుండా తెగుతుంది.

ఇక డబ్బు సంగతి. ఎఫ్‌డీ మీద మీకు 7 శాతం వస్తుంటే, ఓవర్‌డ్రాఫ్ట్ మీద సాధారణంగా ఒక శాతం ఎక్కువ, అంటే 8 శాతం పడుతుంది. 16 వేలకు నాలుగు నెలల వడ్డీ సుమారు 430 రూపాయలు. అదే క్రెడిట్ కార్డు మీద నెలకు మూడున్నర శాతం చొప్పున 2,240. చీటీ ఇప్పుడే పాడి 20 వేలు వదులుకున్నారనుకోండి, బెల్టు ఖర్చుకన్నా పాటలో పోయిందే ఎక్కువ! చీటీ రాగానే ముందు ఓవర్‌డ్రాఫ్ట్ తీర్చేయండి.

7 వేల పని ఎందుకు వద్దంటున్నానంటే, మీ ఇంజన్లో వాటర్ పంపును తిప్పేది కూడా ఆ బెల్టే. పాత పంపు ఇంకో ఇరవై వేల కిలోమీటర్లకు కారడం మొదలుపెడితే కూలెంట్ కొత్త బెల్టు మీద పడుతుంది. మళ్లీ అంతా విప్పాలి, మళ్లీ లేబర్ ఇవ్వాలి. కాబట్టి బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, దారిలో నడిపే ఐడ్లర్, వాటర్ పంపు, కొత్త కూలెంట్ ఒక్కసారే వేయించండి. కవరు విప్పాక క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు), క్యామ్ (వాల్వులను తెరిచే ఇరుసు) ఆయిల్ సీళ్లు చెమ్మగా కనిపిస్తే అవీ మార్చాలి. అందుకు ఇంకో రెండు వేలు పక్కన ఉంచుకోండి. ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తామని 2021లో ప్రకటించింది కాబట్టి సామాను దొరకదేమోనన్న బెంగ వద్దు, దొరుకుతుంది. విశాఖ నుంచి తెప్పించాల్సి రావచ్చు. కిట్టు చేతికొచ్చాకే బండి విప్పమనండి.

మెకానిక్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "క్యామ్, క్రాంక్ లాక్ చేసే పిన్నులున్నాయా?" పెయింటుతో గుర్తు పెట్టుకుని వేస్తానంటే వేరే షెడ్డు చూసుకోండి. బెల్టు ఒక్క పన్ను పక్కకు పడినా స్టార్టింగ్ ట్రబులు, పొగ, పికప్ లేకపోవడం. ఇంకా తప్పితే వాల్వులే పోతాయి. బెల్టు వేశాక సెల్ఫ్ కొట్టకముందే క్రాంక్‌ను స్పానరుతో చేత్తో తిప్పి, పిన్నులు మళ్లీ సరిగ్గా దిగుతున్నాయో లేదో చూడాలి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకూడదు.

బిల్లు లేకుండా తగ్గిస్తానంటారు, ఒప్పుకోకండి. తేదీ, మీటరు రీడింగు, పార్టు నంబర్లు ఉన్న బిల్లు ఉంటేనే వారంటీ అడగగలరు. రేపు కారు అమ్మేటప్పుడూ అదే పనికొస్తుంది. పాత బెల్టు, పంపు ఇంటికి తెచ్చుకోండి.

80 వేల కిలోమీటర్లకోసారి అనుకుంటే ఈ ఖర్చు కిలోమీటరుకు 20 పైసలే. లీటరుకు 18 ఇచ్చినా డీజిల్‌కే ఐదు రూపాయలు దాటుతోంది కదా! టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్ కూడా కలుపుకుని నెలకు 1,500 చొప్పున ఏడాది ఆర్‌డీ ఒకటి కారు పేరున మొదలుపెట్టండి. కొట్టు గల్లాపెట్టెలోంచి మాత్రం తీయొద్దు.