గారెలు చెయ్యని వదిన, ఏడింటి ఫోను

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నా, ఇద్దరు పిల్లలు. సంక్రాంతికి నాలుగు రోజులు పుట్టింటికెళ్తే భోగి రాత్రి హోటలు, కనుమ మధ్యాహ్నం మళ్లీ హోటలు. పండగ గారెలు కూడా కర్రీ పాయింట్ నుంచి తెచ్చారు. అమ్మకి పోయినేడు మోకాలి ఆపరేషన్ అయింది. హోటల్లో ఉత్త పెరుగన్నం తిని లేచింది, కార్లో నా చెయ్యి పట్టుకుని "ఈ ఇంట్లో నా మాట ఎవరు వింటారే" అంది. అన్నయ్య ఏమీ మాట్లాడడు. ఉండబట్టలేక ఫ్యామిలీ గ్రూపులో పాత పండగ ఫోటో పెట్టి "అమ్మ చేతి గారెలు, ఆ రోజులే వేరు" అని రాశా. అప్పట్నుంచి వదిన నాతో మాట్లాడట్లేదు. పండక్కి ఇంట్లోనే వండాలని వదిన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? రెండుసార్లూ బిల్లు అన్నయ్యే కట్టాడు, అదీ ఇబ్బందిగా ఉంది.

జవాబు: చెప్పకండి. అంతే. గరిటె పట్టుకోని వాళ్లకి మెనూ మీద మాట లేదు, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు, ఆడపడుచైనా సరే, అత్తగారైనా సరే.

మీ లెటర్ పెద్దదే, రెండుసార్లు చదివా, పైన వేసింది అందులో పావు వంతు. వదిన ఏం వండలేదో లిస్టు రాశారు. పంతంగి టోల్ గేట్ దగ్గర గంటన్నర ఇరుక్కుని అర్ధరాత్రి ఇంటికి చేరితే టమాటా పప్పు, గోంగూర పచ్చడి, వేడన్నం పెట్టిందెవరో మాత్రం "తిని పడుకున్నాం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆవిడకి భోగి రోజు కూడా సాయంత్రం దాకా ఆఫీసుందని మీరే రాశారు, మరి ఆ రాత్రి హోటలు కాకపోతే ఏంటండీ, ఇంటికొచ్చి తొమ్మిది మందికి పొయ్యి వెలిగించాలా?

అసలు తొమ్మిది మందికి గారెలంటే ఏంటో ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా. రాత్రే మినపగుళ్లు నానెయ్యాలి, పొద్దున్నే రుబ్బుతుంటే నీళ్లు కాస్త ఎక్కువైనా పిండి జారైపోయి నూనె తాగేస్తుంది, తడిచేత్తో ఆకు మీద తట్టి చిల్లు పెట్టి ఒక్కొక్కటీ నూనెలోకి జారవిడవాలి, వాయి వాయికీ మంట చూసుకోవాలి, రెండో పొయ్యి మీద నాటుకోడి ఎంతకీ ఉడకదు, బయట నుంచి "ఇంకో నాలుగు వెయ్యి" అని కేకలు. అందరూ తిని లేచేసరికి ఆ నూనె పొగకి వండినావిడ ఆకలి చచ్చిపోతుంది. నేను గుంటూరు కోడల్ని, నలుగురు ఆడపడుచులు, పన్నెండేళ్లు కనుమ గారెలు నేనే వేశా. ఒక ఏడాది మా చిన్నాడపడుచు గారె తుంచి నోట్లో పెట్టుకుని "అమ్మ చేస్తే ఇంకొంచెం కరకరలాడేవి" అంది. మంచి మనిషే, ఇప్పుడు నాకు స్నేహితురాలు కూడా, కానీ ఆ మాట అన్నప్పుడు ఆవిడ కట్టుకున్న చీర రంగు కూడా నాకింకా గుర్తుంది. మీరు అదే మాట గ్రూపులో బంధువులందరి ముందూ అన్నారు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, కారు తీసి బెంజి సర్కిల్ దాకా పోవడమేంటని మీ అమ్మగారు అన్నారట. కాకి కదలకూడదంటే ఆ రోజు వంటింట్లో కోడలూ కదలకూడదు మరి!

ఇంకోటి, హోటలంటే ఏదో తప్పు పని అన్నట్టు రాశారు, బెజవాడలో పుట్టి ఆ మాటేంటండీ. మీ ఉత్తరం మొత్తంలో మీరు నవ్వుతూ రాసిన చోట్లు రెండే. ఒకటి, తిరిగొచ్చే రోజు పొద్దున్నే వదిన పిల్లల్ని గాంధీనగర్ బాబాయ్ హోటల్‌కి తీసుకెళ్తే మీ చిన్నాడు ఇడ్లీ వదిలేసి పైన వెన్న నాకేశాడన్నది. రెండోది, మీరు తిన్న ఉలవచారు బిర్యానీ, దాని గురించి నాలుగు లైన్లు ఉంది. అదే టేబుల్ దగ్గర మీ అమ్మగారు పెరుగన్నం తింటున్నారు, "అమ్మా ఇది కారం లేదు, ఇది తిను" అని పక్కన కూర్చుని తెప్పించొచ్చుగా.

నాకు గుచ్చుకున్నది వేరే లైను. రోజూ సాయంత్రం ఏడింటికి అమ్మ ఫోన్ చేసి ఇవాళ వదిన ఏం వండిందో చెప్తుందని మామూలుగా రాసేశారు. గొడవంతా ఆ ఫోన్లో ఉంది. నలభై ఏళ్లు ఆ వంటిల్లు ఆవిడది, ఇప్పుడు మోకాలు పది నిమిషాలు నిలబడనివ్వట్లేదు. నాకు చేతకావట్లేదు అని చెప్పుకోవడం కన్నా నా మాట చెల్లట్లేదు అని చెప్పుకోవడం ఏ తల్లికైనా తేలిక. మీకూ అలా వినడమే తేలిక, ఎందుకంటే అమ్మకి వయసైపోయిందని ఒప్పుకుంటే ఇంక మీకు ఆ గారెలు లేవు. మీ ఇద్దరికీ సంగతి తెలుసు, ఇద్దరూ పైకి అనరు, మధ్యలో ఆ మనిషి నలుగుతోంది. మీ అన్నయ్య నోరు విప్పాల్సిందే, కానీ నాకు రాసింది ఆయన కాదు, మీరు.

కాబట్టి ఇవాళ ఏడింటికి ఫోన్ వస్తే ఏం కూరని అడక్కండి. మోకాలెలా ఉంది, మెట్లు ఎక్కగలుగుతున్నావా, అడగండి. వదిన మాట ఎత్తితే "అది వదినతోనే చెప్పమ్మా" అనండి. రెండు మూడు రోజులు అలుగుతారు, అలగనివ్వండి. ఇది చెయ్యకుండా మిగతావి ఎన్ని చేసినా దండగ.

వదినకి మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యండి. "వదినా, ఆ ఫోటో నేను పెట్టకుండా ఉండాల్సింది", అక్కడితో ఆపెయ్యండి, దాని వెనకాల "కానీ" అని ఇంకో వాక్యం రాకూడదు. గ్రూపులో చేసింది గ్రూపులోనే సర్దాలి, ఆ ఇడ్లీ ఫోటోలు పెట్టి తీసుకెళ్లింది వదినేనని రాయండి.

వేసవి సెలవులకి వెళ్తారు కదా, ఒక రోజు అమ్మని వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ఆవిడ చెప్తుంటే గారెలు మీరు వెయ్యండి. మీ ఆయనా అన్నయ్యా ఉల్లిపాయలు తరిగి, తర్వాత గిన్నెలు కడుగుతారు, వదిన ఆ రోజు వంటింటి వైపే రాకూడదు. మొదటి వాయి నూనె తాగుతాయి, చిల్లు కూడుకుపోతుంది, అమ్మ తిడతారు, తిట్టనివ్వండి. మర్నాడు అందరూ హోటల్‌కి వెళ్లండి, అమ్మ పక్క కుర్చీ మీది.

బిల్లు సంగతా, మీ అన్నయ్య ఎలాగూ కట్టనివ్వడు, వదిలెయ్యండి, వచ్చేటప్పుడు వాళ్ల పిల్లల చేతిలో డబ్బులు పెట్టి రండి.