మ్యాథ్స్, బయాలజీ రెండూ ఇష్టమైతే ఏ డిగ్రీ?

ప్రశ్న: మా అమ్మాయి స్కూలు చదువు ఈ ఏడాదితో పూర్తవుతుంది. మ్యాథమెటికల్ బయాలజీ చదువుతానంటోంది. డిగ్రీ బయాలజీలో చేయించాలా, మ్యాథ్స్‌లోనా? ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక తండ్రి

జవాబు: మ్యాథ్స్‌లో చేర్పించండి. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, ప్రాబబిలిటీ ఒకదాని మీద ఒకటి ఆధారపడే సబ్జెక్టులు. మధ్యలో వచ్చి అందుకోవడం కష్టం. బయాలజీని ఏదో ఒక సమస్య పట్టుకుని, దానికి కావలసినంత తర్వాతైనా నేర్చుకోవచ్చు. అలాగని పూర్తిగా వదిలేయకూడదు. కణం ఎలా విభజన చెందుతుందో తెలియకుండా కణితి పెరుగుదలకు సమీకరణం రాస్తే దాన్ని బయాలజిస్టులెవరూ పట్టించుకోరు.

మ్యాథమెటికల్ బయాలజీని బయోఇన్ఫర్మాటిక్స్ అనుకుని చేరేవాళ్లు చాలామంది. అక్కడ పని ఎక్కువగా జన్యు క్రమాల డేటాను పోల్చడం, వర్గీకరించడం. ఇక్కడ జీవప్రక్రియ ఎలా నడుస్తుందో సమీకరణంగా రాసి, అది నిజమో కాదో పరీక్షిస్తారు. రెండు రసాయనాలు ఒకదానితో ఒకటి చర్య జరుపుతూ వేర్వేరు వేగాలతో వ్యాపిస్తే, తగిన షరతుల్లో మచ్చలు, చారల్లాంటి నమూనాలు వాటంతటవే ఏర్పడగలవని గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ 1952లో చూపించింది ఈ దారిలోనే.

ఆమెకు ఇది నిజంగా సరిపడుతుందా అన్నది అడ్మిషన్‌కు ముందే తేల్చుకోవచ్చు. ల్యాప్‌టాప్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే చాలు. కెర్మాక్, మెకెండ్రిక్ 1927లో ఇచ్చిన అంటువ్యాధి మోడల్‌ను సొంతంగా ప్రోగ్రామ్ చేయమనండి. జనాభాను మూడు గుంపులు చేయాలి: సోకే అవకాశం ఉన్నవారు, రోగులు, కోలుకున్నవారు. రోజుకు సోకే రేటు బీటా, కోలుకునే రేటు గామా. మొత్తం 10,000 మంది, మొదటి రోజు 10 మంది రోగులు, బీటా 0.3, గామా 0.2 అనుకుందాం. పైథాన్ సైపై లైబ్రరీలో రెడీమేడ్ ఫంక్షన్ ఉంది గానీ, మొదటిసారి ఆయిలర్ పద్ధతిలో, అంటే కాలాన్ని అడుగులుగా విడగొట్టి ఒక్కో అడుగులో వచ్చే మార్పును కలుపుకుంటూ పోయేలా, లూప్ తనే రాయాలి. ప్రతి అడుగులో మూడు గుంపుల మొత్తం 10,000 రావాలి. రాలేదంటే ఎక్కడో ప్లస్, మైనస్ తారుమారైనట్టే. కొత్త కేసుల లెక్కలో జనాభాతో భాగించడం మరిచిపోతే మొదటి రోజే 9,990 మందిలో 29,970 మందికి సోకినట్టు వస్తుంది. దాదాపు అందరూ ఒకసారి చేసే పొరపాటు ఇది.

అసలు పాఠం ఆ తర్వాత వస్తుంది. ఇప్పుడు బీటా 0.2, గామా 0.1 పెట్టి మళ్లీ నడపాలి. మొదటి రెండు మూడు వారాలు రోగుల సంఖ్య రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా పెరుగుతుంది. ఎందుకంటే తొలిదశ వేగాన్ని నిర్ణయించేది బీటా, గామాల తేడా. అది రెండుచోట్లా 0.1. కానీ ఒక రోగి నుంచి సగటున సోకేది (బీటా ÷ గామా) మొదటి సందర్భంలో 1.5 మందికి, రెండోదాంట్లో 2 మందికి. వ్యాప్తి ఆగాలంటే ఒకచోట మూడో వంతు మందికి రోగనిరోధకత ఉండాలి, ఇంకోచోట సగం మందికి. ఏది నిజమో కేసుల గ్రాఫ్ చెప్పలేదు. రోగి సగటున 5 రోజులు అంటిస్తాడా, 10 రోజులా (1 ÷ గామా) అన్నది వైద్య పరిశీలన నుంచి రావాలి. మోడల్ డేటాకు అతికినంత మాత్రాన సరైనదని కాదు. ఈ చిక్కు చూసి మీ అమ్మాయికి విసుగొస్తే ఆలోచించండి. కుతూహలం పెరిగితే నిస్సంకోచంగా పంపండి.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. గంటకు 0.5 వృద్ధి రేటుతో బ్యాక్టీరియాకు లాజిస్టిక్ సమీకరణం (మొదట వేగంగా పెరిగి, ఒక పరిమితి దగ్గర ఆగే వృద్ధికి వాడేది) రాసి, 5 గంటల అడుగుతో ఆయిలర్ పద్ధతి వాడితే జనాభా చివరికి నాలుగు విలువల మధ్య తిరుగుతూ ఉంటుంది. సమీకరణంలో అలాంటిదేమీ లేదు, అడుగు 0.1 గంటకు తగ్గిస్తే మాయమవుతుంది. తరం వెనుక తరంగా బతికే కీటకాల మోడళ్లలో మాత్రం అలాంటి ఊగిసలాట నిజంగానే రావచ్చు, జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మే 1976లో వివరించినట్టు.

ఉద్యోగాల విషయానికొస్తే, డిగ్రీ ఒక్కటే సరిపోదు. మందుల కంపెనీల్లో ఫార్మకోమెట్రిక్స్, అంటే శరీరంలో మందు ఎలా పనిచేస్తుందో, ఎలా తగ్గుతుందో మోడళ్లతో లెక్కగట్టే పని, మంచి దారి. సాధారణంగా మాస్టర్స్ అయినా కావాలి. అక్కడి లెక్కకు చిన్న ఉదాహరణ: మందు వ్యాపించే పరిమాణం 40 లీటర్లు, క్లియరెన్స్ (గంటలో మందు పూర్తిగా తొలగిపోయే రక్తం పరిమాణం) గంటకు 4 లీటర్లు అయితే రక్తంలో మందు సగం కావడానికి 0.693 × 40 ÷ 4, అంటే సుమారు 7 గంటలు. కిడ్నీ దెబ్బతిని క్లియరెన్స్ సగమైతే అది 14 గంటలు. అదే మోతాదు కొనసాగిస్తే మందు పేరుకుపోతుంది. ప్రజారోగ్యం, మత్స్య వనరుల అంచనా, క్యాన్సర్ పరిశోధన కూడా ఉన్నాయి. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ తప్పదు. మధ్యలో మనసు మారినా మ్యాథ్స్ డిగ్రీతో స్టాటిస్టిక్స్, డేటా సైన్స్ వైపు వెళ్లొచ్చు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు సిలబస్‌లో స్టాటిస్టిక్స్‌కు కనీసం రెండు పేపర్లు, ప్రోగ్రామింగ్‌కు ల్యాబ్, చివరి ఏడాది ప్రాజెక్టు ఉన్నాయేమో చూడండి. ఆ ప్రాజెక్టులో అచ్చయిన ఒక పరిశోధన పత్రంలోని గ్రాఫ్‌ను తిరిగి రాబట్టే పని పెట్టుకుంటే మేలు. గ్రాఫ్ రాకపోతే ముందు పారామీటర్ల పట్టికలో యూనిట్లు చూడాలి: గంటకు ఇచ్చిన రేటును రోజుకు అనుకుని వాడేయడం చాలాసార్లు జరిగేదే.