ఏషియన్ అని టిక్ పెడితే సీటు పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయీ అల్లుడూ న్యూజెర్సీలో ఉంటారు. మనవడు ఈ ఏడు కాలేజీలకు అప్లై చేస్తున్నాడు. ఫారంలో జాతి అడిగిన చోట ఏషియన్ అని పెడితే సీటు రాదని, ఖాళీగా వదిలేయమని అక్కడి మనవాళ్లు చెప్తున్నారంట. నల్లవాళ్ల పిల్లలకు తక్కువ మార్కులకే సీట్లిచ్చి మన పిల్లలకు ఎగ్గొడతారని మా అల్లుడి బాధ. వాడేమో "నేనెవరో రాసుకోవడానికి కూడా భయపడాలా అమ్మమ్మా" అని ఫోన్లో అడిగాడు. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నిక్షేపంగా రాసుకోమనండమ్మా. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో తీర్పిచ్చింది, అడ్మిషన్లలో విద్యార్థి జాతిని చూసి మొగ్గు చూపడం రాజ్యాంగానికి విరుద్ధమని. ఎక్కువ మంది పిల్లలు నింపే కామన్ యాప్ ఫారంలో ముందు హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలవాళ్లు) అవునా కాదా అని, ఆ తర్వాత ఏ జాతి అని, ఏషియన్ అంటే ఏ దేశం మూలం అని అడుగుతారు. ఇష్టముంటేనే నింపేది అది. తీర్పు తర్వాత ఆ జవాబు ఫైలు చదివేవాళ్ల కంట పడకుండా దాచేసే వీలు కూడా కాలేజీలకు ఇచ్చారు. అయినా ఆ గడి ఖాళీగా వదిలేస్తే మాత్రం, ఫారం మొదట్లోనే ఇంటిపేరు కనపడుతుంటే మనవాడని తెలియకుండా పోతుందా? వాడు తన సంగతి తాను దాచుకుని బాగుపడేది ఏమీ లేదు, మనసు చిన్నబుచ్చుకోవడం తప్ప.

మీ అల్లుడి బాధ వట్టిదని నేను అనను. హార్వర్డ్‌లో ఫైలు చదివేవాళ్లు చదువుకు, ఆటలకు, ఇతర వ్యాపకాలకు, వ్యక్తిత్వానికి విడివిడిగా రేటింగ్ వేస్తారు. చదువులో ముందున్న ఏషియన్ పిల్లలకు వ్యక్తిత్వం దగ్గరికొచ్చేసరికి మొత్తమ్మీద తెల్లపిల్లల కంటే తక్కువ పడిందని కోర్టులో బయటికొచ్చింది. ఆ రేటింగ్ వేసిన ఆఫీసు వాళ్లలో చాలామంది ఆ పిల్లల మొహం కూడా చూసి ఉండరు. ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పూర్వ విద్యార్థులు మాత్రం ఏషియన్ పిల్లలకూ తెల్లపిల్లలకూ దాదాపు సమానంగానే వేశారు. కింది కోర్టు 2019లో ఇది కావాలని చేసిన వివక్ష అని రుజువు కాలేదంది, సుప్రీంకోర్టు దాకా వెళ్లాక హార్వర్డ్ ఓడిపోయింది. పరాయివాళ్లు ఫైలు చూసి మన పిల్లాడి మంచితనం కొలిచి తక్కువేశారంటే ఏ తల్లిదండ్రులకైనా కడుపు మండుతుంది.

కానీ ఆ మంట నల్లజాతి పిల్లల మీదికి తిప్పడం అన్యాయం అమ్మా, ఇది మీ అల్లుడికి గట్టిగానే చెప్పండి. అదే కేసులో బయటపడిన హార్వర్డ్ లెక్కల్ని ఆర్థికవేత్తలు తీసి చూస్తే, అక్కడ సీటొచ్చిన తెల్లపిల్లల్లో నూటికి 43 మంది ఆటల కోటానో, అమ్మానాన్నలు అక్కడే చదివారనో, అక్కడ పాఠాలు చెప్తారనో, లేదా విరాళాలిచ్చేవాళ్ల పిల్లలుండే డీన్ జాబితాలో ఉన్నారనో లెక్కకొచ్చినవాళ్లు. వందమందిలో 43! మనవాళ్లలో ఎక్కువ మంది ఆ దేశం వెళ్లింది మొన్న మొన్న, మన పిల్లల అమ్మానాన్నలు జేఎన్టీయూలోనో ఎస్వీయూలోనో చదివినవాళ్లు. అమ్మానాన్నలు చదివిన కాలేజీ అనే ఆ తలుపు మన పిల్లలకూ తెరుచుకోదు, నల్లజాతి పిల్లల్లో చాలామందికీ తెరుచుకోదు. సుప్రీంకోర్టు తీర్పు ఆ తలుపును ముట్టుకోలేదు. కాలిఫోర్నియా 2024లో ప్రైవేటు కాలేజీల్లో కూడా దాన్ని మూసేస్తూ చట్టం చేసింది, మిగతా రాష్ట్రాల్లోనూ దానికోసం మనవాళ్లు గొంతెత్తితే నాకు సంతోషం.

తీర్పు తర్వాత ఏమైందో కూడా చూడండి. ఎంఐటీలో 2024లో చేరినవాళ్లలో ఏషియన్ అమెరికన్లు 41 శాతం నుంచి 47కి పెరిగారు, నల్లజాతి పిల్లలు 13 నుంచి 5కి పడిపోయారు. అదే ఏడాది యేల్‌లో ఏషియన్లు 30 నుంచి 24కి తగ్గారు. అంటే జాతి చూడటం ఆపగానే మన పిల్లలందరికీ సీట్లు వచ్చేస్తాయన్నది కూడా నిజం కాలేదు. ఆ ఏడు హార్వర్డ్‌కి సుమారు 54 వేల మంది అప్లై చేస్తే 2 వేల మందికి కూడా సీటివ్వలేదు. జాతి ఏదైనా తొంభై ఆరు శాతానికి పైగా పిల్లలు ఇంటికి తిరిగి రావాల్సిందే, అది మీ మనవడికి ముందే చెప్పి ఉంచండి, రాకపోతే కుంగిపోకుండా.

వ్యాసం మాట ఒకటుంది. తన జాతి తన బతుకు మీద ఎలా ప్రభావం చూపిందో విద్యార్థి రాసుకుంటే దాన్ని కాలేజీ చూడొచ్చని తీర్పులో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ రాశారు. కాబట్టి సెలవుల్లో మీ ఇంటికొచ్చినప్పుడు రొయ్యల గుంటల దగ్గర రాత్రిపూట ఏరేటర్లు ఆగిపోతే మీ ఊళ్లోవాళ్లు పడే పాట్లు చూసి ఉంటే, వాడికి అది నిజంగా మనసులో పడి ఉంటే, రాయమనండి. లేనిది కల్పించి రాయొద్దు.

ప్రశ్న: అమెరికాలోనే రిజర్వేషన్లు ఎత్తేశారు. మనం ఇంకా పట్టుకుని వేలాడటం ఎందుకు? మా అబ్బాయికి మంచి ర్యాంకు వచ్చి కూడా కోరిన బ్రాంచి దొరకలేదు.
– ఒక తండ్రి, కందుకూరు

జవాబు: అన్నా, వాళ్లు ఎత్తేసింది రిజర్వేషన్ కాదు. సీట్లు విడిగా పక్కన పెట్టడం అక్కడ 1978లోనే చెల్లదన్నారు, డేవిస్ మెడికల్ కాలేజీలో 100కి 16 సీట్లు అట్టిపెడితే కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మిగిలింది మిగతా అంశాలతోపాటు జాతిని కూడా ఒక అంశంగా చూడటం, అదే ఇప్పుడు పోయింది.

మీ ఊరి చరిత్రే చెప్తాను. కందుకూరు అప్పట్లో నెల్లూరు జిల్లా, నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మెడికల్, ఇంజనీరింగ్ కాలేజీల్లో కులమతాల వారీగా సీట్లు పంచే కమ్యూనల్ జీవో నడిచేది: ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ కేసులో 1951లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మూడు నెలలు తిరక్కుండానే పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి, వెనుకబడిన వర్గాలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చనే 15(4) అధికరణం తెచ్చింది. అంటే అమెరికా 2023లో అన్నమాట మన కోర్టు 1951లోనే దాదాపుగా అనేసింది, మన దేశం ఆలోచించుకుని వేరే దారి ఎంచుకుంది. వాళ్లు మానేశారు కాబట్టి మనమూ మానాలన్నది నా మనసు ఒప్పుకోదు.

మీ అబ్బాయి విషయంలో నిజంగా నాకు బాధగానే ఉంది, ర్యాంకు కోసం పిల్లలు పడే టెన్షన్ చూస్తూనే ఉన్నాం. అయితే మన దగ్గర ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం అని రాసిపెట్టి ఉంది, 2019 నుంచి రిజర్వేషన్ లేని కులాల పేదలకు ఈడబ్ల్యూఎస్ పేరుతో 10 శాతం ఉంది. ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో ఎవరైనా చూసుకోవచ్చు. హార్వర్డ్‌లో పిల్లాడి వ్యక్తిత్వానికి వేసిన రేటింగ్ చూడటానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. మీ ఆదాయం పరిమితిలో ఉంటే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకున్నారా? చాలామంది అది తీసుకోకుండానే కౌన్సెలింగ్‌కి వెళ్లిపోతున్నారు. ఇంకోటి, నెల్లూరు చుట్టుపక్కల ఏ యానాది కాలనీకైనా ఒకసారి వెళ్లి, ఇంటర్ దాటిన ఆడపిల్లలు ఎంతమంది ఉన్నారో మీరే అడగండి. ఆ పిల్లల్లో ఒకరు ఇంజనీరింగ్ దాకా వస్తే ఆ సీటు మీ అబ్బాయిదని మీకు అనిపించదనే నేను నమ్ముతున్నాను.

ప్రశ్న: నేను ఒంగోలులో ఇంటర్ సెకండియర్. ఇక్కడి నుంచే అమెరికాలో డిగ్రీకి అప్లై చేస్తే నన్ను కూడా ఏషియన్ కింద లెక్కేస్తారా?
– ఒక విద్యార్థిని

జవాబు: లేదమ్మా. కాలేజీల జాతి లెక్కల్లో విదేశీ విద్యార్థులకు వేరే వరస ఉంటుంది. నిన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఫీజు. చాలా కాలేజీలు విదేశీ పిల్లలు డబ్బు కట్టగలరా లేదా చూసే సీటిస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హెర్స్ట్ అలా చూడవు, సీటొస్తే ఇంటి పరిస్థితిని బట్టి కావల్సినంత సాయం చేస్తాయి, కానీ పోటీ చాలా ఎక్కువ. వాటితోపాటు ఈఏపీసెట్ తప్పకుండా రాయి. సాయం ఫారంలో నాన్నగారి ఆదాయం, పొలం, అప్పులు ఉన్నవి ఉన్నట్టే నింపు.