పెట్టుడు పళ్ల కామెడీ తీయడం ఎలా? ‘టోని ఎర్డ్‌మన్’ నుంచి పట్టుకోగలిగినవి

మీరు అడిగింది: “ఆ జర్మన్ సినిమాలో పంచ్ డైలాగుల్లేవు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు. అయినా పొట్ట పట్టుకుని నవ్వాను. నటుల్ని వాళ్ల ఇష్టానికి వదిలేశారా? పది నిమిషాల షార్ట్ ఫిల్మ్‌లో అలాంటిది చేయొచ్చా?”

వదిలేయలేదు. దర్శకురాలు మారెన్ ఆడె సంభాషణలు ముందే రాసుకుని తీసే మనిషి. 2016లో కాన్ చిత్రోత్సవం పోటీ విభాగంలో ఆడిన 162 నిమిషాల సినిమా అది. కథ తెలియనివాళ్ల కోసం: సంగీతం మాస్టారు విన్‌ఫ్రీడ్, బుకారెస్ట్‌లో కన్సల్టెంట్‌గా పనిచేసే కూతురు ఇనెస్ దగ్గరికి చెప్పాపెట్టకుండా దిగుతాడు. విగ్గు, ఎత్తుపళ్లు పెట్టుకుని ‘టోని’ పేరుతో ఆమె ఆఫీసు జనం మధ్య తిరుగుతాడు.

అసలు కిటుకు నటనలో ఉంది. విన్‌ఫ్రీడ్‌గా చేసిన పీటర్ సిమోనిషెక్ వియన్నా బుర్గ్ థియేటర్‌లో పండిన నటుడు. ఆయన తన పనితనమంతా టోని మీద పెడితే మనకు కమెడియన్ కనిపిస్తాడు, నాన్న మాయమవుతాడు. అందుకే మీ నటుడికి “టోనిగా చెయ్యి” అనకండి, “వేషం వేయడం చేతకాని నాన్నగా చెయ్యి” అనండి. ముందు సీనంతా పళ్లు, విగ్గు లేకుండా రిహార్సల్ చేయించి, ఆ తర్వాత తగిలించండి. పళ్లు పెట్టగానే స, శ, చ అక్షరాల్లో ఈల వస్తుంది, నోట్లో ఉమ్మి ఊరుతుంది. షూటింగ్ రోజుకు ముందే మైక్ పెట్టి వినండి. టేక్‌కీ టేక్‌కీ మధ్య తీసేయించండి.

రెండోది, కెమెరా. బార్‌లో టోని మొదటిసారి ఊడిపడ్డప్పుడు ఇనెస్ “ఈయన మా నాన్న” అంటే సినిమా అక్కడికక్కడే ఖతం. అనదు. ఇనెస్‌గా చేసిన సాండ్రా హ్యూలర్ ముఖంలో ఆ మాట గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది, నవ్వు పుట్టేది ఆ క్షణంలోనే. ఇద్దరినీ ఒకే ఫ్రేమ్‌లో పెట్టండి, లేదా జోకు అయ్యాక ఆమె మీద రెండు మూడు సెకన్లు ఎక్కువ ఉంచండి. జోకు పడగానే కట్ చేస్తే “నవ్వండి” అని బోర్డు పెట్టినట్టే.

ఇనెస్ పుట్టినరోజు పార్టీ సీన్ రాతని చూడండి. బిగుతు గౌను, జిప్ అందదు, ఫోర్కుతో లాగుతుంది. విప్పబోతే సగంలో ఇరుక్కుంటుంది, ఈలోగా బెల్లు. చివరికి అన్నీ విప్పేసి తలుపు తీస్తుంది. కారణం చెప్పాలి కదా, ఇది ‘బట్టల్లేని పార్టీ’ అనేస్తుంది. అక్కడి నుంచి బాసు కాదనలేడు. ప్రతి మెట్టూ మామూలు చిక్కు మీద నిలబడింది కాబట్టే, చివర్లో కుకేరి అనే బల్గేరియా జానపద బొచ్చు వేషంలో నాన్న గుమ్మంలోకి వచ్చినా నమ్ముతాం. ముందే తెచ్చి ఉంటే అది ఉత్త సర్కస్.

అలాంటి వేషం మీరూ వాడితే, లోపలున్న మనిషికి కనపడదు, వినపడదు, ఉక్కపోస్తుంది. యాక్షన్ చెప్పేదాకా చెయ్యి పట్టుకోవడానికి ఒకరుండాలి. ఆ షాట్లు పొద్దున్నే ముగించండి.

ఆ సినిమాకు వంద గంటలకు పైగా రష్ (ఎడిట్ చేయని ఫుటేజ్) వచ్చింది. అంటే తెర మీద నిమిషానికి 37 నిమిషాల పైమాటే. ఆ లెక్కన మీకు ఆరు గంటలు దాటుతుంది, ఒక్కసారి చూడటానికే రోజు పోతుంది. ఒకే తీరులో పదిహేను టేకులు తీసే బదులు కోపంగా, సిగ్గుగా, విసుగ్గా తలా రెండు తీయండి. ఏది పనికొస్తుందో ఎడిటింగ్‌లోనే తేలుతుంది.

పాట ఉంటే లైవ్‌గా పాడించండి. ప్లేబ్యాక్ పెడితే పాడే మనిషి పడే ఇబ్బందంతా పోయి పాట మాత్రమే మిగులుతుంది.

మ్యూజిక్ లేదంటే కట్‌ని దాచే దుప్పటి లేనట్టే. కట్‌ల కింద పరచడానికి ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఖాళీ శబ్దం రికార్డు చేయండి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపించండి. ఫ్రిజ్ ఆపాక మీ బండి తాళాలు అందులో పెట్టండి, ప్యాకప్ అయ్యాక తిరిగి ఆన్ చేయడం మర్చిపోరు.