ఐదు ఫొటోలు చాలు

ఈ నెల ‘మనసు – మాట’ శీర్షికకు ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఫొటోగ్రఫీ మీద ప్రశ్నలు వచ్చాయి. కెమెరా పట్టుకుంటే మనసు కుదుటపడుతుందా అన్నదే అందరి సందేహం. ఒక కౌన్సెలరు, ఫొటోగ్రఫీ నేర్పే ఒక మాస్టారు కలిసి రాసిన జవాబులివి. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మావారు పోయి ఏడాదిన్నర. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, ఇక ఆలోచనలే. మనవరాలు ఫోన్ ఇచ్చి ‘ఫొటోలు తీసుకో అమ్మమ్మా’ అంది. కొన్నాళ్ళు తీశాను, విసుగొచ్చింది. దీనివల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా? – రిటైరైన టీచరు, బరంపురం

ఒరుగుతుందమ్మా, కానీ మేలు చేసేది ఫొటో కాదు, ఫొటో కోసం మీరు చూసే చూపు. దిగులులో మనసు పాత మాటల చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. ‘ఆలోచించకు’ అంటే ఆగదు. దానికి బయట ఒక పని అప్పగించాలి: వెలుతురు ఎటునుంచి వస్తోంది, నీడ అంచు మెత్తగా ఉందా పదునుగా ఉందా అని వెతికే పని. అందుకే ఎక్కువ తీస్తే విసుగు, తక్కువ తీస్తే ఫలితం.

ఇలా చేసి చూడండి. సూర్యోదయమైన గంటలోపు పదిహేను, ఇరవై నిమిషాలు బయటికి రండి. మన బరంపురంలో జూన్‌లో ఐదుంబావుకల్లా, జనవరిలో ఆరున్నరకు కాస్త ముందు పొద్దు పొడుస్తుంది. వెలుతురును కొలిచే లెక్క లక్సు. ఇంట్లో లైటు వెలుతురు వందల లక్సుల్లో ఉంటే, ఆరుబయట పగటి వెలుతురు వేలల్లో ఉంటుంది. పొద్దుటి వెలుతురు కళ్ళకు తగిలితే ఒంటి గడియారం సర్దుకుని రాత్రి నిద్రకు సాయం చేస్తుంది. ఫొటో తీయకపోయినా ఈ లాభం మీదే.

ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కెమెరా పనిచేస్తుంది, వాట్సాప్ మోగదు. ఒక్క చోటు ఎంచుకోండి: తులసికోట, వీధి చివర పూలబండి, ఏదైనా సరే. మొదటి రెండు నిమిషాలు ఫోన్ ఎత్తకండి, ఊరికే చూడండి. తర్వాత రోజుకు ఐదు ఫొటోలు, అంతే. ఒకటి దూరం నుంచి, ఒకటి నాలుగడుగుల నుంచి, ఒకటి బాగా దగ్గర నుంచి, మిగతా రెండూ మీ ఇష్టం. మరీ దగ్గరికి వెళ్తే చాలా ఫోన్లకు ఫోకస్ కుదరదు, బొమ్మ మసకబారుతుంది. అప్పుడు జానెడు వెనక్కి జరిగి, 2ఎక్స్ (రెండింతల జూమ్) నొక్కి తీయండి. ఆకాశం తెల్లగా పాలిపోతుంటే తెర మీద ఆ చోట వేలు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కిందికి జరిపితే రంగు తిరిగి వస్తుంది.

వారానికి ఒక విషయం పెట్టుకుంటే వెతుకులాట సులువు. ఒక వారం నీడలు, ఒక వారం పసుపు రంగు, ఒక వారం ఇంట్లోవాళ్ళ చేతులు. బయల్దేరేముందు, తిరిగొచ్చాక మనసు ఎలా ఉందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె నోట్‌బుక్కులో వేయండి. రోజూ తేడా కనబడదు. మూడు వారాల అంకెలు వరసగా చూస్తే మీకు ఏ పూట, ఏ చోటు పనికొస్తోందో తెలుస్తుంది.

బుద్ధి పుట్టినప్పుడు వెళ్దామంటే మాత్రం ఇది సాగదు. దిగులు మొట్టమొదట తీసేసేది ఆ బుద్ధినే. ముందు కాలు బయట పెట్టాలి, ఉత్సాహం వెనక వస్తుంది. ఇంకో పొరపాటు, అందమైన చోటు కోసం ఎదురుచూడడం. గోపాలపురం, తప్తపాణి సెలవు రోజున బాగుంటాయి, కానీ మనసుకు మందు మంగళవారం కూడా కావాలి. ఒక రోజు తప్పిపోతే మర్నాడు పది తీసి సరిచేయనక్కర్లేదు.

ప్రశ్న: నాగావళి ఒడ్డు, మజ్జిగౌరి గుడి, చుట్టూ కొండలు ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతాను. లైకులు రాకపోతే రోజంతా చిరాకు. ఫొటోగ్రఫీ మనసుకు మంచిదంటారు, నాకు తిరగబడిందేం? – డిగ్రీ విద్యార్థి, రాయగడ

తమ్ముడూ, తిరగబడింది ఫొటోగ్రఫీ కాదు, తీసేటప్పుడే చూసేవాళ్ళు తలలో కూర్చోవడం. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, తమకోసం ఫొటోలు తీసుకున్నవారికంటే సోషల్ మీడియాలో పెట్టడానికి తీసినవారు ఆ అనుభవాన్ని తక్కువ ఆస్వాదించారని తేలింది. నలుగురూ ఏమనుకుంటారో అన్న ధ్యాసే కారణం. దానికి ముందు 2014లో లిండా హెంకెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మ్యూజియంలో చేసిన ప్రయోగం కూడా చూడండి. మొత్తంగా ఒక క్లిక్కు కొట్టి ముందుకు పోయిన వస్తువుల వివరాలు, ఊరికే చూసినవాటికంటే తక్కువ గుర్తున్నాయి. ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాటి విషయంలో అలా తగ్గలేదు. చక్కగా చూసి తీసినదే మనలో మిగులుతుంది.

పోస్టు చేయడం మానమని చెప్పం. తీయడానికీ పెట్టడానికీ నడుమ ఏడు రోజులు ఉంచండి. ఆదివారం ఆ వారం ఫొటోలన్నీ చూసి, ఒక్కటే ఎంచి, ఎందుకు నచ్చిందో రెండు వాక్యాలు మీకోసం రాసుకున్నాకే పెట్టండి. లైకుల సంఖ్య దాచే సెట్టింగు యాప్‌లోనే ఉంది, వాడండి. నెలకు నాలుగైదు ఫొటోలు ఎవరికీ చూపకుండా ఒక ఫోల్డర్లో ఉంచుకోండి. మీ చేయి ఎంత తిరిగిందో చెప్పేది ఆ ఫోల్డరే.

ప్రశ్న: మా అత్తగారికి మతిమరుపు ముదురుతోంది. పాత ఆల్బమ్‌లు చూపిస్తే మేలంటున్నారు. చూపిస్తే ఒక్కోసారి ఏడుస్తున్నారు. ఆ ఫొటోలు కూడా పాడవుతున్నాయి. – కోడలు, పర్లాకిమిడి

మేలే, చూపించే తీరు మార్చండి. ‘ఇదెవరో చెప్పండి?’ అని అడగకండి. అది పరీక్ష అవుతుంది, చెప్పలేకపోతే అవమానంగా ఉంటుంది. ‘ఇది మీ పెళ్ళినాటిదట, ఈ చీర బరంపురం పట్టేనా అత్తయ్యా?’ అని మీరే అందించండి. జవాబు రాకపోయినా మాట సాగుతుంది. పూటకు ఐదారు ఫొటోలు, పదిహేను నిమిషాలు మించవద్దు. సాయంత్రం పొద్దువాలే వేళ చాలామందికి గందరగోళం పెరుగుతుంది, కాబట్టి పొద్దున్న టిఫిన్ అయ్యాక కూర్చోండి. పేరు తప్పు చెప్తే దిద్దకండి. పోయినవాళ్ళు బతికే ఉన్నారనుకుంటే ‘ఆయన ఎలా ఉండేవారు?’ అని అడగండి. చావు కబురు మళ్ళీ మళ్ళీ చెప్తే ప్రతిసారీ అది కొత్త దెబ్బే. ఏడుపంతా చెడ్డది కాదు. కన్నీళ్ళ తర్వాత కబుర్లలో పడితే కొనసాగించండి, ఆందోళనగా లేచి తిరుగుతుంటే ఆల్బమ్ మూసి వేరే పనిలో పెట్టండి. ఏ ఫొటో చూస్తే ముఖం విప్పారుతోందో గుర్తుపెట్టుకుని, దాన్ని పెద్దగా ప్రింటు తీయించి మంచం దగ్గర తగిలించండి.

ఇక కాపాడటం. జిగురు పేజీల ఆల్బమ్‌లే ఫొటోలకు పెద్ద శత్రువులు. ఆ జిగురు ఏళ్ళ తరబడి పసుపెక్కి ఫొటోను పట్టేస్తుంది. సులువుగా రానిదాన్ని పీకవద్దు, ఫ్రేము అద్దానికి అతుక్కున్నదాన్ని అసలే లాగవద్దు. ఉన్నచోటనే కాపీ తీయండి. ఫొటోను కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట బల్ల మీద పరచండి. ఫ్లాష్ ఆపండి, లేకపోతే నడుమ తెల్లటి మచ్చ పడుతుంది. ఫోన్‌ను ఫొటోకు సమాంతరంగా, ఒకటిన్నర అడుగు ఎత్తున పట్టుకుని 2ఎక్స్‌లో తీస్తే అంచులు వంగవు. అద్దం ఉంటే కాస్త పక్కకు జరిగి తీయండి, అందులో మీ ప్రతిబింబం పడదు. విడి ఫొటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో, అంచున రాయండి. బాల్‌పెన్ ఒత్తిడి ముందువైపు గీతగా తేలుతుంది. పేర్లు చెప్పగలిగినవారు ఇంట్లో ఉన్నప్పుడే ఈ పని కానివ్వండి.

ప్రశ్న: మా అబ్బాయి రెండు నెలలుగా గది దాటి రావడం లేదు. తిండి తగ్గింది. కెమెరా కొనిస్తే మారతాడా? – ఒక తండ్రి, గుణుపురం

అయ్యా, కెమెరా తర్వాత, ముందు డాక్టరు. రెండు వారాలకు మించి దిగులు, తిండీ నిద్రా పాడవడం, ఇష్టమైన వాటిమీద కూడా ఆసక్తి పోవడం ఉంటే అది చికిత్స కావలసిన స్థితి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చావు మాట ఎత్తినా, వస్తువులు పంచిపెడుతున్నా ఒంటరిగా వదలకండి, అదే రోజు తీసుకెళ్ళండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగడానికి జంకవద్దు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. చికిత్స మొదలయ్యాక, అతను ఒప్పుకుంటే, కిటికీలోంచి రోజుకు ఒక్క ఫొటో అడగండి. బాగుందనీ బాగాలేదనీ అనకుండా ‘ఇది ఏ పూట తీశావు?’ అని మాత్రం అనండి.

ప్రశ్న: గోపాలపురం తీరంలో నోలియాల (జాలర్ల) పడవల ఫొటోలు తీయడం నాకు ప్రాణం. ఒకరోజు వాళ్ళు కసిరారు. పైగా ఉప్పుగాలికి లెన్స్ మసకబారుతోంది. – ఛత్రపురం

కసరడం సబబే. వేట నుంచి రాగానే వల దులిపి చేపలు ఏరి బేరం తెగేదాకా వాళ్ళకు తలెత్తే తీరిక ఉండదు. ఆ వేళ ఎదురుగా నిలబడితే అడ్డమే. మొదటి రోజు కెమెరా సంచిలోనే ఉంచండి. అమ్మకం అయ్యాక, వల బాగుచేసుకునేటప్పుడు పలకరించండి. వాళ్ళు తెలుగువాళ్ళే, మాట కలవడం కష్టం కాదు. ‘అన్నా, ఒక ఫొటో తీసుకోనా?’ అని అడిగి, వద్దంటే నవ్వి ఊరుకోండి. తీసినది చూపించండి, మరుసటిసారి ప్రింటు తీసుకెళ్ళి చేతిలో పెట్టండి. ఒంటరితనానికి కెమెరా చేసే అసలు మేలు ఆ రెండోసారి వెళ్ళడంలో ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఋషికుల్య ముఖద్వారం వైపు తాబేళ్ళు గుడ్లకు వచ్చినప్పుడు, ఆ తర్వాత పిల్లలు బయటికి వచ్చేటప్పుడు మాత్రం ఫ్లాష్, టార్చి వాడకండి. వెలుగుకు తల్లులు బెదురుతాయి, పిల్లలు సముద్రమనుకుని అటు మళ్ళుతాయి.

లెన్స్‌ను చొక్కా అంచుతో పొడిగా తుడవకండి. ఉప్పు పలుకులు, ఇసుక పైపూతను గీస్తాయి. ముందు గాలి బుడ్డితో ఊది, మంచినీళ్ళతో కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో నడుమ నుంచి అంచులకు తుడిచి, తర్వాత పొడి గుడ్డ వాడండి. ఏసీ గది నుంచి తీరానికి వెళ్తే కెమెరాను ఓ అరగంట సంచిలోనే ఉంచండి, లేకపోతే ఆవిరి పడుతుంది. వానాకాలంలో తోలు సంచిలో దాచవద్దు, తేమ పట్టి లోపల బూజు వస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, చిన్న తేమ మీటరు పెట్టి 45 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. జెల్ రంగు మారితే పొట్లాలు మార్చండి.