బిషప్ అజరయ్య గారి జీవితం రాస్తానంటున్న మా చిన్నోడికి

చిన్నోడికి పెద్దమ్మ దీవెనలు.

నువ్వు ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి మన డోర్నకల్ బిషప్ అజరయ్య గారి మీద, ఆయన కుటుంబం మీద పుస్తకం రాయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా గర్వంగా అనిపించింది. మన ఇళ్ళల్లో పిల్లలు ఇంజనీరింగ్ అనో, అమెరికా అనో అంటారు గానీ డోర్నకల్ గురించి రాస్తానన్నవాడు ఇంతవరకు లేడు. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. జీతం లేని సెలవట కదా! పిల్లల ఫీజులున్నాయి, ఇంటి లోనుంది. నువ్వూ కోడలూ కూర్చుని లెక్కలు చూసుకునే ఉంటారు. చూసుకోకపోతే ముందు ఆ పని చెయ్యి, పెన్ను తరవాత పట్టుకోవచ్చు.

తేలికైన సంగతులు ముందు చెప్పేస్తాను. ప్రతి తేదీ రెండుచోట్ల సరిచూసుకో. ఎవరు మాట్లాడినా వాళ్ళ అనుమతి అడిగి రికార్డు చెయ్యి. బెంగళూరులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌కి వెళ్ళే ముందే ఉత్తరం రాయి, పోయాక గేటు దగ్గర నిలబడొద్దు. పాత డయాసిస్ (బిషప్ గారి కింద ఉండే సంఘాల ప్రాంతం) పత్రికలు ఎక్కడ కనిపించినా ఆ రోజే ఫోటోలు తీసుకో, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దామనుకోకు. చెదలు నీ కోసం ఆగవు.

ఆయన గురించి అందరూ రాసేది నాకు నోటికి వచ్చు. 1874లో తిరునల్వేలి వైపు వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో, అక్కడి చర్చి అయ్యగారి, అంటే పాస్టరు గారి, ఇంట్లో పుట్టారు. వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువకుల సంఘంలో సెక్రటరీగా తిరిగారు. 1903లో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో సేరంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టినవాళ్ళలో ఒకరు. 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లవాళ్ళ ముందు నిలబడి మాకు స్నేహితులు కావాలని అడిగారు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లండు చర్చి శాఖకి, మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. వేరువేరు సంఘాలు కలిసిపోవాలని ఆయన ఎంతో ఆశపడిన ఏకసంఘం, మన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), 1947 సెప్టెంబర్ 27న ఏర్పడింది. అది చూడ్డానికి ఆయన లేరు.

ఇదంతా రాయాల్సిందే. కానీ ఇంతే రాసి ఊరుకుంటావేమోనని నా భయం. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

మా నాన్న, అంటే మీ తాతయ్య, పాస్టరుగా పనిచేసిన పాస్టరేట్‌కి (ఒక పాస్టరు కింద ఉండే సంఘాలకి) నూరేళ్ళు నిండినప్పుడు ఒక సావనీర్ పుస్తకం వేశారు. కమిటీలో అందరూ మగవాళ్ళే. ఆదివారం ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద కుర్చీలు వేసుకుని, మినిట్సు పుస్తకం ముందు పెట్టుకుని, ముసలి పెద్దలని నలుగురిని పిలిచి అడిగి రాసుకున్నారు. ఏ అయ్యగారు ఏ సంవత్సరం వచ్చారు, ఎవరి కాలంలో గోడ కట్టారు, ఎవరి కాలంలో గంట వచ్చింది, ఎవరు పాస్టరు బంగళాకి పెంకులు వేయించారు. మా నాన్న గురించి నిండా ఒక పేజీ ఉంది. పేజీ చివర ఒక్క వాక్యం: "ఆయన సతీమణి కూడా సేవలో సహకరించారు." పేరు కూడా లేదు.

ఆ రోజు మా అమ్మ బతికే ఉంది. ఆ వేపచెట్టుకి ఎదురుగా బంగళా వరండాలో కూర్చుని ఉంది. ఆమె దగ్గరికి ఒక్కరూ వెళ్ళలేదు. టీ మాత్రం అడిగారు.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పింది మా అమ్మ. పగలు కూలికి పోయి వచ్చినవాళ్ళని రాత్రి లాంతరు ముందు కూర్చోబెట్టుకుని, పెద్దక్షరాల సువార్త పుస్తకం మీద వేలు పెట్టి చదివించేది. ఇల్లిల్లూ తిరిగి పిడికెడు బియ్యం కూడగట్టించింది ఆమే. వండే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేయడం అప్పటిదాకా ఆ పల్లెలో లేదు. పల్లెలో వాక్యం చెప్పే ఉపదేశి జీతం బకాయి పడిన నెలల్లో ఆ బియ్యమే వాళ్ళింటికి వెళ్ళేది. దూరపు పల్లెల నుంచి బడికొచ్చిన పిల్లలు మా ఇంట్లోనే పడుకునేవాళ్ళు. వాళ్ళ తలల్లో పేలు తీసింది, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది, వాళ్ళకి పెట్టి మిగిలితే మాకు పెట్టింది. ఇదేదీ మినిట్సులో ఉండదు. పిడికెడు బియ్యం లెక్క కూడా "స్త్రీల సమాజం నుంచి వచ్చినది" అని ఒక అంకె, అంతే.

తప్పు అక్కడితో ఆగలేదు నాయనా. కొన్నేళ్ళకి ఇంకొకరు ఆ ప్రాంతపు సంఘ చరిత్ర రాశారు. ఆ వాక్యాన్నే ఎత్తి రాసుకున్నారు. తరవాత గుడికి మరమ్మతులు చేసినప్పుడు గోడకి రాతి ఫలకం పెట్టారు. దాని మీద అయ్యగార్ల పేర్లు వరసగా ఉన్నాయి, సావనీర్‌లో ఉన్నవి ఉన్నట్టుగా. ఆ తరవాతెప్పుడో ఏదో కాలేజీ నుంచి ఒక అమ్మాయి టేపురికార్డరు పట్టుకుని ప్రత్యేకంగా మా అమ్మ కోసమే వచ్చింది. అప్పటికి అమ్మకి నా పేరే గుర్తు రావడం లేదు. ఆ పిల్ల ఏడుపు మొహంతో వెళ్ళిపోయింది. అమ్మ జ్ఞాపకం బాగున్న రోజుల్లో అడిగినవాళ్ళు లేరు, అడగడానికి మనిషి వచ్చేసరికి జ్ఞాపకం లేదు. ఇప్పటికీ ఆ సావనీర్ నా బీరువాలో ఉంది. తీసి చూస్తే కోపం వస్తుంది. అందుకే కమిటీలని, మినిట్సుని మాత్రమే నమ్ముకుని పుస్తకం రాయొద్దని నీతో ఇంత గట్టిగా చెప్తున్నాను.

అజరయ్య గారి ఇంటి కథ కూడా అలాగే జారిపోయే ప్రమాదముంది. తండ్రి థామస్ వేదనాయగం గారు పోయాక ఆ పిల్లవాణ్ణి పెంచింది తల్లి ఎలెన్. ఆమెని ఒక పేరాలో దాటేయకు. 1898లో ఆయన అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆ రోజుల్లో కాలేజీ మెట్లెక్కిన అతికొద్దిమంది దక్షిణాది క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. అంత చదువుకున్న మనిషి సొంత ఊరు, సొంత భాష వదిలి నిజాం రాజ్యంలో రైలు జంక్షన్ పక్కన సంసారం పెట్టింది. ముప్పై అయిదేళ్ళ వయసులో ఆయన తెలుగు నేర్చుకున్నారని అందరూ మెచ్చుకుంటారు. మరి ఆమె ఎవరి దగ్గర నేర్చుకుంది? బజారులో, బావి దగ్గర ఏం మాట్లాడింది? ఆయన ఎడిన్‌బరోలో ఉన్న రోజుల్లో చిన్నపిల్లలతో ఇల్లెలా నడిపింది? బిషప్ గారి ఎడ్లబండి పల్లెలు తిరుగుతుంటే ఇంటికొచ్చిన అతిథులకి వండిపెట్టిందెవరు? ఉత్తరాలు వెతుకు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి బైబిలు చెప్పిన బైబిలు స్త్రీల మనవరాళ్ళని వెతుకు. ముందు ముసలాళ్ళ దగ్గరికి వెళ్ళు, లైబ్రరీలు తరవాత కూడా ఉంటాయి.

మా అమ్మమ్మ ఆయన్ని చూసింది. బాప్తిస్మం పొందినవాళ్ళతో తలమీద చెయ్యి పెట్టుకోమని, "నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అని చెప్పించేవారట. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా అమ్మమ్మ తన చెయ్యి కూడా తలమీద పెట్టుకునేది. అప్పటిదాకా ఊరు మాలపల్లె వైపు చూసి మాట్లాడిందీ లేదు, మాట్లాడమని అడిగిందీ లేదు. ఒక పెద్దమనిషి వచ్చి, నువ్వు నోరు తెరవాలి, నువ్వు చెప్పాలి అన్నాడు. 1930ల మధ్యకి ఆ డయాసిస్‌లో దాదాపు 250 మంది భారతీయ గురువులు (పాస్టర్లు), 2,000 మందికి పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారంటే ఆశ్చర్యమెందుకు? వాళ్ళలో చాలామంది అమ్మమ్మలాంటి వాళ్ళ పిల్లలే.

ఇక కష్టమైన సంగతులు. కులం గురించి దాచొద్దు. మాలపల్లె, మాదిగపల్లె గుడిలో ఒకే ప్రభువు బల్ల దగ్గరికి రావడానికి ఎంత కాలం పట్టిందో, ఇంకా ఎక్కడెక్కడ రాలేదో రాయి. ఫోన్లు వస్తాయి, రానీ. గాంధీ గారికీ ఆయనకీ మతమార్పిడుల మీద వచ్చిన భేదాభిప్రాయాన్ని ఒక పక్షం లాయరులా రాయకు. అజరయ్య గారు క్రైస్తవులకి వేరే నియోజకవర్గాలు వద్దన్న మనిషి. దేశం మీద ప్రేమ, పల్లెలో మనిషికి మతం ఎంచుకునే హక్కు, రెండూ ఆయనలోనే ఉన్నాయి. ఆ ఇరకాటం ఉన్నదున్నట్టు చూపించు. ఈ కాలంలో ఆ అధ్యాయం గురించి నాకు భయంగానే ఉంది. రాశాక ఒక లాయరుకి, మన సంఘంలో లేని ఒక చరిత్ర మాస్టారికి చూపించు. మెత్తబరచడానికి కాదు, ఒక్క మాట కూడా ఆధారం లేకుండా ఉండకూడదని.

కుటుంబంలో ఇప్పుడున్నవాళ్ళు చెప్పేవన్నీ అచ్చు వేయడానికి కావు. మేం అయ్యగారి పిల్లలం గాజుపెట్టెలో పెరిగాం. మా చెప్పులు, మా మార్కులు, మా పెళ్ళిళ్ళు అన్నీ సంఘానికి కబుర్లే. బిషప్ గారి పిల్లలకి అది ఇంకెంత ఉండి ఉంటుందో! వాళ్ళ ఇళ్ళల్లో ఏదైనా బాధ కనిపిస్తే, పుస్తకానికి నిజంగా అవసరమైతేనే రాయి, అదీ వాళ్ళకి చదివి వినిపించాక.

అచ్చు ఖర్చుకి డబ్బిస్తాం, మా తాతగారి ఫోటో వెయ్యండి అని తప్పకుండా ఎవరో ఒకరు వస్తారు. తీసుకోవద్దు. తక్కువ పడితే నన్నడుగు. నా పెన్షన్‌లో మిగులుతూనే ఉంది, నేనెక్కడ ఖర్చుపెడతాను? గ్రూపు ఫోటోలు వేసినప్పుడు వెనక వరసలో ఆడవాళ్ళ పేర్లు కూడా కనుక్కుని రాయి. దొరక్కపోతే ఫోటో కాపీలు పట్టుకుని ఊళ్ళు తిరుగు, నేనూ వస్తాను.

మోకాళ్ళ నొప్పులని మీ అమ్మ ఆపుతుంది. నువ్వు ఆ మాట వినకు. డోర్నకల్‌కి వానలు తగ్గాక వెళ్దాం. 1939లో ప్రతిష్ఠించిన కథీడ్రల్‌ని నువ్వు ఫోటోల్లోనే చూశావట, మీ అమ్మ చెప్పింది. గుడి లోపల స్తంభాలు, పైన గుమ్మటాలు చూశాక ఆయన ఎలాంటి భారతీయ సంఘాన్ని కోరుకున్నారో నీకే తెలుస్తుంది. అక్కడ నాతో చదువుకున్న ఇద్దరు ఇంకా ఉన్నారు. ఒకావిడ తల్లి బైబిలు స్త్రీ. ఆవిడకి ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదు కాబట్టి వానలు తగ్గేదాకా కూడా ఆగొద్దు, వచ్చే శనివారమే ఖమ్మం వచ్చెయ్యి. పొద్దున బండికి ఇద్దరం వెళ్దాం. రికార్డరుకి బ్యాటరీలు ఎక్కువ తెచ్చుకో. రాత్రిళ్ళు మేలుకుని రాయకు, నీకు చిన్నప్పటి నుంచి తలనొప్పి.

మీ పెద్దమ్మ