ఇంగ్లండ్‌కు ఒక్క మ్యాచ్ కూడా ఆడని కౌంటీ క్రికెటర్లలో మీకు బాగా నచ్చినవారు ఎవరు?

డారెన్ స్టీవెన్స్. మన దగ్గర ఈ పేరు విన్నవాళ్లు తక్కువ. నాకూ 2021 మే నెలలోనే తెలిసింది. కరోనాతో ఐపీఎల్ మధ్యలో ఆగిపోయింది, హైదరాబాద్‌లో లాక్‌డౌన్. మధ్యాహ్నం మూడున్నర నుంచి కౌంటీ మ్యాచ్‌లు, అంటే ఇంగ్లండ్ దేశవాళీ మ్యాచ్‌లు, యూట్యూబ్‌లో ఫ్రీగా వచ్చేవి. ఏమీ తోచక కాంటర్‌బరీలో జరుగుతున్న కెంట్, గ్లామోర్గన్ మ్యాచ్ పెట్టాను.

కెంట్ 128కి 8 వికెట్లు పోగొట్టుకుంది. క్రీజులో 45 ఏళ్ల స్టీవెన్స్, అవతల మిగెల్ కమిన్స్ అనే బౌలర్. ఆ ఇద్దరూ 166 పరుగులు జోడిస్తే అందులో కమిన్స్‌ది ఒకే ఒక్క పరుగు! స్టీవెన్స్ 149 బంతుల్లో 190 కొట్టాడు, 15 సిక్సర్లు. తర్వాత బంతి అందుకుని, గ్లామోర్గన్‌కు ఆడుతున్న ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ లబుషేన్‌ను ఎల్బీ చేశాడు. మా అమ్మ అన్నానికి ఎన్నిసార్లు పిలిచిందో గుర్తులేదు.

అప్పుడు నాకు 33. లీగుల్లో మీడియం పేస్ వేసేవాణ్ని. "కుర్రాళ్లకు చోటివ్వాలి" అని మా క్లబ్ అంతకుముందే నన్ను పక్కన పెట్టింది. అందుకే ఆ రోజు నుంచి అతని పాత మ్యాచ్‌లన్నీ వెతికి చూశాను.

1997లో లీసెస్టర్‌షైర్‌కు బ్యాట్స్‌మన్‌గా మొదలుపెట్టాడు. 2005లో కెంట్‌కు వచ్చాడు. వికెట్లలో ఎక్కువ భాగం తీసింది 35 ఏళ్లు దాటాకే. స్పీడ్ లేదు, కీపర్ స్టంప్స్ దగ్గరే నిలబడతాడు. బంతి పడే చోటు బ్యాట్స్‌మన్‌కు తెలుసు, పడ్డాక ఎటు తిరుగుతుందో తెలియదు. అక్కడి తడి పిచ్‌లు, అక్కడ వాడే డ్యూక్స్ రకం బంతి కలిసొచ్చాయని కొందరంటారు. అదే పిచ్ మీద మిగతా మీడియం పేసర్లూ వేశారు కదా!

2019లో కాంట్రాక్టు పొడిగించబోమని కెంట్ చెప్పేసింది. ఆ సెప్టెంబర్‌లో హెడింగ్లేలో యార్క్‌షైర్ మీద కెంట్ 39కి 5 వికెట్లు కోల్పోయినప్పుడు 43 ఏళ్ల ఈయన 237 కొట్టాడు. రెండో ఇన్నింగ్స్‌లో 20 పరుగులకే 5 వికెట్లు తీశాడు. కాంట్రాక్టు మళ్లీ వచ్చింది. ఇంగ్లండ్‌లో ఏటా వచ్చే క్రికెట్ పుస్తకం విజ్డెన్ 2021లో ఎంపిక చేసిన ఐదుగురు మేటి క్రికెటర్లలో ఒకడయ్యాడు. 2022లో, కెంట్‌తో చివరి సీజన్‌లో, కౌంటీల వన్డే కప్ కూడా గెలిచాడు. అప్పటికి 46 ఏళ్లు.

నేను మార్చుకున్నది ఒక్కటే: స్పీడ్ కోసం ఒళ్లు హూనం చేసుకోవడం మానేశాను. సీమ్ నిటారుగా పెట్టి ఒకే చోట వేస్తాను, కీపర్‌ను ముందుకు రమ్మంటాను. క్రీజు వదిలి ముందుకొచ్చి కొట్టే కుర్రాళ్లకు స్టంపౌట్ భయంతో ఇక ఆ ధైర్యం ఉండదు. మా కాలనీ జట్టులో ఆదివారాలు కొత్త బంతి ఇప్పుడు నాకే ఇస్తున్నారు.